బెత్తెడు ఎత్తున మారే అడవి

హిమాలయాల్లో తిరిగే అటవీశాఖవాళ్ళకి చెట్టే చెబుతుంది ఎంత ఎత్తున ఉన్నామో. వెయ్యి మీటర్ల పైమాటన చీర్ పైన్. రెండు వేలు దాటేసరికి దేవదారు. మూడు వేలకి అటూ ఇటూ ఫర్ చెట్లు. ఇంకా పైకెళితే సూదాకుల చెట్లు పలచబడి భూర్జవృక్షాలు మిగులుతాయి, ఆ పైన ఉత్త గడ్డి. ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది, ఆ లెక్కనే చెట్ల వంతులు మారతాయి. కొండకి ఉత్తరపు వాలు ఒక రకం, ఎండ తగిలే దక్షిణపు వాలు ఇంకో రకం. ఏ చెట్టు ఎక్కడ పెత్తనం చేస్తోంది, ఎక్కడ పక్కదానికి చోటిచ్చి తప్పుకుంటోంది అని కొలిచి చూడటం వృక్షశాస్త్రంలో పెద్ద విద్య. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అలాంటి సహజమైన సూదాకుల అడవి లేదు. అరకు దారిలో జనం ఫొటోలు దిగే పైన్ చెట్లు మనుషులు నాటినవి. కోనసీమ తీరాన పైన్‌ని తలపించే సరుగుడు కూడా అసలు ఆ జాతిదే కాదు, అది పూలు పూసే చెట్టు.

అయినా, ఎత్తును బట్టి చెట్టు మారే అడవిని చూడాలంటే కోనసీమ వాళ్ళు రైలెక్కక్కర్లేదు. ఐ.పోలవరం మండలంలోనే ఉంది, భైరవపాలెం దగ్గర. కొండమీద వెయ్యి మీటర్లు చేసే పని ఇక్కడ బెత్తెడు బురద చేస్తుంది. ఆ బెత్తెడు తేడాని చదివినవాళ్ళ పనితనం గురించీ, చదివినదాన్ని పారతో నేలమీద తిరిగి రాసినవాళ్ళ పనితనం గురించీ ఈ వ్యాసం.

ముమ్మిడివరం నుంచి మురమళ్ళ మీదుగా ఎదుర్లంక వెళ్ళే రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి కొబ్బరితోటలూ వరిచేలూ రొయ్యల చెరువులే కనిపిస్తాయి. మురమళ్ళలో వీరేశ్వరస్వామి కల్యాణం చేయించుకుని, బాలయోగి వారధి మీద యానాం దాటిపోతారు. తూర్పుగా, గౌతమి సముద్రంలో కలిసే వైపు, పక్కనే ఇంత అడవి ఉందన్న సంగతి చాలామందికి పట్టదు. గోదావరి మడ అడవులన్నీ కలిపి 330 చదరపు కిలోమీటర్లు పైనే. గౌతమికి ఉత్తరాన కోరంగి, కోరంగి ఎక్స్‌టెన్షన్, భైరవపాలెం బ్లాకులు. ఈ మూడూ 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యంలోకి వస్తాయి. దక్షిణాన రాతికాలవ, మసానితిప్ప, మట్లతిప్ప, బలుసుతిప్ప, కొత్తపాలెం, కందికుప్ప. పేర్లలో ఎన్ని తిప్పలున్నాయో చూడండి. నది తెచ్చి పోసిన ఒండ్రు మీద లేచిన అడవి ఇది. తిప్పకీ తిప్పకీ మధ్య పాయలు, పాయల్లోకి రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు.

పాటు వేళ నావలో పాయ వెంట వెళితే ముందు ఇదంతా ఒకే పచ్చదనంలా కనిపిస్తుంది. కాసేపు కళ్ళు అలవాటుపడాలి. కొత్తగా పడిన మెత్తటి ఒండ్రు మీద, నది మంచినీళ్ళు తగిలే చోట, సన్నటి ఆకులతో కొమ్మలు కిందికి వాలి ఉండేది కళింగ. వేగంగా, ఎత్తుగా పెరుగుతుంది. దాని చుట్టూ బురదలోంచి మూరెడేసి పొడవు వేళ్ళు నిలువుగా పైకి లేచి ఉంటాయి. పాయ అంచునే గుబురుగా గుగ్గిలం. అక్కడక్కడా ఉప్పుపొన్న, కాండం నుంచి వంపు తిరిగి నీళ్ళలోకి దిగిన వేళ్ళ మీద లేచి నిలబడి. అంచు దాటి లోపలికి పోతే నల్లమడ, తెల్లమడ. ఇంకా లోపల, పోటు రోజూ అందని మెరక మీద తిల్ల. తిల్ల దాటాక అడవి ఉన్నట్టుండి ఆగిపోయి, ఇలకూర ఎర్రగా పరుచుకున్న ఉప్పు పర్ర వస్తుంది. ఆ మధ్యలో ముళ్ళ ఆకుల ఆల్చి పొదలు ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ దూరతాయి.

నావ నడిపే ఆయనకి ఈ వరుస కంఠతా వచ్చు. తిల్ల ఉన్న వైపు దిగబోతుంటే, "అటు కొమ్మలు విరవకండి బాబూ, ఆ పాలు కంట్లో పడ్డాయంటే ఓ పట్టాన కళ్ళు తెరవలేరండి" అన్నాడు. తిల్లపాల సంగతి పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటుంది. కానీ ఆయన చెప్పినదాంట్లో నాకు నచ్చింది ఆ తరవాతి మాట: "తిల్ల కనపడిందంటే అక్కడ నేల గట్టిపడ్డట్టేనండి, కాలు దిగబడదు." చెట్టుని చూసి నేల ఎత్తు చెప్పేశాడు. హిమాలయాల్లో అటవీశాఖ వాళ్ళు చేసేదీ ఇదే కదా.

తెల్లమడ ఆకు ఒకటి కోసి, వెనక్కి తిప్పి చూడండి. వెనకవైపు వెండిరంగు నూగు. వేసవిలో, ఎండ బాగా కాసిన పూట, ఆకు మీద వేలు రాస్తే గరుకుగా తగులుతుంది. నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. వేళ్ళ దగ్గర చాలావరకు ఉప్పుని బయటే ఆపేసి, అయినా లోపలికి వచ్చిన ఉప్పుని ఆకుల్లో ఉండే గ్రంథుల గుండా చెమటలా బయటికి తోసేస్తుంది. తోసేసిన నీరు ఆవిరై ఉప్పు పలుకులు మిగులుతాయి. పశువులు ఈ ఆకుని ఇష్టంగా తినడానికి ఈ ఉప్పదనం కూడా ఒక కారణమేమో అనిపిస్తుంది. మేపు కోసం మడ కొమ్మలు నరకడం ఇక్కడ పాత అలవాటు. ఉప్పుపొన్న దారి వేరు. అది వేళ్ళ దగ్గరే కట్టడి చేస్తుంది, ఆకు మీద ఉప్పు పేరనివ్వదు. కళింగకి మంచినీళ్ళు తగలాలి. తెల్లమడ మాత్రం సముద్రపు నీటికి రెట్టింపు ఉప్పున్న బురదలోనూ, గిడసబారి అయినా సరే, బతికేస్తుంది. సముద్రపు నీరు లీటరుకి 35 గ్రాముల ఉప్పు. అలాంటిది మే నెలలో లోపలి పర్ర మీద నిలిచి ఎండిన నీటిలో ఎంతుంటుందో ఊహించుకోండి.

ఇక బెత్తెడు సంగతి. ఈ తీరంలో పోటుకీ పాటుకీ తేడా అమావాస్య, పౌర్ణములకి కూడా ఒకటిన్నర మీటరు లోపే. ఆ కొద్ది ఎత్తులోనే అడవంతా సర్దుకోవాలి. నేల బెత్తెడు పల్లమైతే రోజూ రెండు పోటులూ దాని మీదికి వస్తాయి. బెత్తెడు మెరకైతే పక్షానికి ఒకసారి, ఇంకో బెత్తెడు లేస్తే తుపాను వచ్చినప్పుడే. నీరు ఎన్నిసార్లు వస్తే వేళ్ళకి గాలి అంత తక్కువ. ఎన్నాళ్ళు రాకపోతే మట్టిలో ఉప్పు అంత చిక్కన. ఈ రెండు బాధల్లో ఏది ఎంత ఓర్చుకోగలదో దాన్ని బట్టి చెట్టు తన చోటు వెతుక్కుంటుంది. 1928లో మలయాలో జె.జి. వాట్సన్ అనే అటవీ అధికారి దీన్ని మొదటిసారి లెక్కకట్టి చూపించాడు: నెలలో ఎన్ని పోటులు నేలని ముంచుతాయన్నదాన్ని బట్టి మడ నేలల్ని ఐదు తరగతులు చేశాడు. ప్రతి పోటూ ముంచే నేల ఒకటో తరగతి. నెలకి రెండుసార్లైనా మునగనిది ఐదో తరగతి. తరవాతివాళ్ళు ఈ లెక్కకి చాలా సవరణలు చేశారు. విత్తనాల బరువూ పరిమాణమూ కారణమని పనామాలో ఒకరు, విత్తనాల్ని తినేసే పీతలు కారణమని ఆస్ట్రేలియాలో ఇంకొకరు. పీతల మాట నేను నమ్ముతాను. పాటు వేళ ఇక్కడి బురద మీద పీతల సందడి చూసినవాళ్ళు ఎవరైనా నమ్ముతారు. అయినా వాట్సన్ వేసిన మొదటి గీత చెరగలేదు.

గోదావరి విషయంలో ఇంకో గీత కలపాలి, అడ్డంగా. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద రోజుల్లో గౌతమి మొగలో నీళ్ళు దాదాపు మంచినీళ్ళే. ఏప్రిల్, మే వచ్చేసరికి సముద్రం లోపలికి ఎగదన్నుతుంది. 1852లో కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక డెల్టా పచ్చబడింది, వేసవిలో మొగకి చేరే మంచినీరు మాత్రం తగ్గింది. అన్నం పెట్టిన ఆనకట్టని తప్పుపట్టే ధైర్యం కోనసీమలో ఎవరికీ లేదు, నాకూ లేదు. కానీ కళింగని అడిగితే దాని లెక్క వేరేగా ఉంటుంది. అందుకే ఈ అడవిలో పాయ నుంచి లోపలికి ఒక వరుస, నది నుంచి సముద్రానికి ఇంకో వరుస. రెండూ ఒకదాని మీద ఒకటి పడి అల్లుకుని ఉంటాయి. అంచు నుంచి మెరక దాకా నేను చెప్పిన వరుస ప్రతిచోటా అచ్చుగుద్దినట్టు దొరకదు.

ఈ అల్లికని విప్పిచూపిన పనుల్లో నాకు గౌరవం ఉన్నది ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళది. బెహరా సత్యనారాయణ, ఎ.వి. రామన్, బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ డెహైర్స్, సి. కళావతి, పి. చంద్రమోహన్ కలిసి కోరంగి మడ చెట్ల కూర్పు మీద, అవి వరుసలు తీరిన తీరు మీద 2002లో ఒక పత్రం అచ్చువేశారు. కాకినాడ ఉపసాగరం పక్కన ఏ జాతి ఎక్కడ, ఏ జాతితో కలిసి, ఎంత ఒత్తుగా ఉందన్నది అందులోని విషయం. ఇలాంటి పత్రాన్ని చదివేటప్పుడు జనం చివర ఉండే ఫలితాల పట్టిక చూసి వదిలేస్తారు. నేను పట్టిక వెనక ఉన్న మోకాలి లోతు బురదని చూస్తాను.

ఎందుకంటే ఈ కొలతల విద్య పుట్టింది గట్టినేల మీద. అమెరికాలో విస్కాన్సిన్ అడవుల్లో జాన్ కర్టిస్, అతని తోటివాళ్ళు 1950ల్లో తయారుచేశారు. ఒక జాతి ఎంత ఒత్తుగా ఉంది, ఎన్ని చోట్ల కనిపించింది, కాండాల మందంలో దాని వాటా ఎంత అన్న మూడూ నూటికి కట్టి, మూడింటినీ కూడితే ఆ అడవిలో ఆ చెట్టు పలుకుబడి తెలుస్తుంది. మొత్తం 300. కొండల్లో దేవదారు ఏలుబడి ఎంతో, ఫర్ ఏలుబడి ఎంతో తేల్చేదీ ఇదే లెక్క. 1956లో గ్రాంట్ కాటమ్, కర్టిస్ కలిసి ఇంకో సులువు చెప్పారు. అడవిలో ఒక చోట నిలబడి, చుట్టూ నాలుగు భాగాలు చేసుకుని, ఒక్కో భాగంలో దగ్గరి చెట్టు ఎంత దూరంలో ఉందో కొలవాలి. సగటు దూరం రెండు మీటర్లు వచ్చిందనుకోండి, ఒక్కో చెట్టుకి నాలుగు చదరపు మీటర్ల చోటన్నమాట, హెక్టారుకి 2500 చెట్లు. గీతలు గీసి, తాళ్ళు కట్టి, గళ్ళు వేయాల్సిన పని లేదు.

మడలో ఇదే పని చెయ్యాలంటే ప్రతి అడుగుకీ ఒక చిక్కు. చెట్టు చుట్టుకొలత నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున తీయాలని నియమం. ఉప్పుపొన్నకి ఆ ఎత్తున కాండమే ఉండదు, వంపు వేళ్ళే ఉంటాయి. అందుకని పై వేరు ఎక్కడ మొదలైందో అక్కడికి కాస్త పైన కొలవాలి. తెల్లమడకి నరికిన మోడు నుంచి నాలుగైదు కాండాలు లేస్తాయి. అది ఒక చెట్టా, ఐదా? ముందే ఒక నియమం పెట్టుకుని, రోజంతా దాని మీదే నిలబడాలి. సాయంత్రానికి నియమం సడలితే లెక్క అంతా చెడుతుంది. పైగా కొలిచే సమయం పాటుదే. నీరు ఎక్కడం మొదలైతే టేపు, పుస్తకం పట్టుకుని నావ దగ్గరికి రావాలి. పాటు ఇవాళ పొద్దున్నైతే రేపు ఇంకాస్త ఆలస్యంగా. పంచాంగం చూసుకుని పరిశోధన చెయ్యాల్సిన చోటు ఇది. ఇన్ని చిక్కుల మధ్య పట్టికలో ఒక అంకె నిజాయితీగా నిలబడిందంటే దాన్ని మెచ్చుకోవాలి.

చదవడం ఒక ఎత్తు, దాంతో పని చెయ్యడం ఇంకో ఎత్తు. అది స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు చేశారు. ఇండియా–కెనడా పర్యావరణ నిధి సాయంతో, అటవీశాఖతో కలిసి, 1990ల చివర మొదలుపెట్టి 2003 దాకా గోదావరి, కృష్ణా మొగల్లో మడ అడవుల్ని బాగుచేసే పని పెట్టుకున్నారు. భైరవపాలెం కూడా అందులో ఉంది. ఆర్. రామసుబ్రమణ్యన్, టి. రవిశంకర్ 2004లో ఈ పని మీద చిన్న పుస్తకం వేశారు. హడావిడి లేని పుస్తకం, చేసినవాళ్ళు రాసినట్టుంటుంది.

వాళ్ళ ముందున్న ప్రశ్న ఇది. ఒకప్పుడు అడవిని ముక్కలుగా, కూపులు కట్టి పూర్తిగా నరికిన చోట అడవి ఎందుకు తిరిగి రాలేదు? విత్తనాలకి కరువు లేదు, పోటు రోజూ తెస్తూనే ఉంది. జనం పశువుల్ని తోలడం వల్లే అని చాలాకాలం అనుకున్నారు. ఈ సంస్థకే చెందిన వి. సెల్వం తమిళనాడు పిచ్చావరంలో చూసి చెప్పిన కారణం వేరు. చెట్లన్నీ ఒక్కసారి కొట్టేస్తే బురద మీద నేరుగా ఎండ పడుతుంది. బంకమట్టిలోని నీరు ఆవిరై నేల కుంగుతుంది. ఎంతో కాదు, ఆ బెత్తెడే. కానీ దాంతో చుట్టూ అంచు మెరకై మధ్య పల్లం అవుతుంది. అమావాస్య పోటుకి లోపలికి వచ్చిన నీరు పాటుకి బయటికి పోలేదు. అక్కడే ఎండి, ఉప్పు దిగబెడుతుంది. మళ్ళీ పోటు, మళ్ళీ ఉప్పు. కొన్నేళ్ళకి తెల్లమడ కూడా తట్టుకోలేని చిక్కదనం. ఆ నేల మీద ఎన్ని మొక్కలు నాటినా చచ్చిపోతాయి. అంటే పోయింది చెట్టు మాత్రమే కాదు, చెట్టు నిలిచే ఎత్తు.

పోయిన ఎత్తుని మట్టి పోసి నింపలేరు. అందుకని నీటికి దారి తీశారు. ముందు నేల ఎత్తుపల్లాల సర్వే. పల్లం ఎక్కడుంది, దగ్గరి పాయ ఎక్కడుంది, రెండింటి మధ్య వాటం ఎటు అని తేల్చుకున్నాక ఒక పెద్ద కాలవ తవ్వి పాయలో కలిపారు. దానికి ఇటూ అటూ 45 డిగ్రీల కోణంలో పిల్లకాలవలు. వరిచేల భాషలో బోదెలు అనొచ్చు. పైనుంచి చూస్తే చేపముల్లు ఆకారం, పేరు కూడా అదే. నిటారుగా కలపకుండా ఏటవాలుగా కలపడంలో ఉంది కిటుకు. పోటు వచ్చేటప్పుడు నీరు మలుపు దగ్గర తన్నుకోకుండా బోదెలోకి ఒరుసుకుంటూ పోతుంది, పాటులో అలాగే తిరిగి జారుతుంది. గోదావరి డెల్టాలో బోదె తవ్వడం తెలియని ఊరు లేదు. పొలానికి నీళ్ళు పెట్టడానికి తవ్వే చెయ్యే ఇక్కడ ఉప్పు కడగడానికి తవ్వింది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఆ కాలవ కోత. పైన వెడల్పు, అడుగున ఇరుకు, రెండు పక్కలా వాలు. నిలువుగా కోస్తే ఈ మట్టి రెండు పోటులకే విరిగిపడుతుంది, వాలుగా కోస్తే నిలుస్తుంది. ఇది ఏ మేస్త్రీ అయినా చెబుతాడు. కానీ వాలుకి ఇంకో పని కూడా పెట్టారు. మొక్కల్ని కాలవ అడుగునా నాటలేదు, గట్టు మీదా నాటలేదు, వాలు మధ్యలో నాటారు. అడుగున నాటితే ఎప్పుడూ మునిగి ఊపిరాడదు. గట్టు మీద నాటితే ఉప్పు. వాలు మధ్యలో అయితే పోటుకి వేళ్ళు తడుస్తాయి, పాటుకి గాలి తగులుతుంది. అంటే వాట్సన్ ఐదు తరగతుల్నీ ఒక్క కాలవ పక్కన, మూరెడు వాలు మీద పేర్చి, అందులో తెల్లమడకి నచ్చే తరగతిని ఎంచుకున్నారన్నమాట. చెట్టు ఎక్కడ నిలబడుతుందో ముందు చదివి, తరవాత ఆ చోటునే చేత్తో తయారుచేశారు. చూడ్డానికి అది బురదలో ఒక గాడి, అంతే. ఎవరూ ఫొటో తీసుకోరు.

తవ్విన మట్టిని ఏం చేస్తారన్నది కూడా ఇలాంటి పనిలో పనితనానికి పరీక్షే. ఒడ్డున కుప్పపోస్తే అదే గట్టై నీటికి కొత్త అడ్డవుతుంది. పలచగా పరిస్తే నేలలో కలిసిపోతుంది. పని చేసింది చుట్టుపక్కల ఊళ్ళ జనమే, ఊరి సంఘాల ద్వారా. వానల తరవాత, ఉప్పు తగ్గిన అదనులో నాట్లు. ఉప్పు కడిగిన నేల మీద నాటని మొక్కలు కూడా వచ్చాయి. ఇలకూర ముందు, తరవాత పోటు మోసుకొచ్చిన మడ గింజలు. నా లెక్కలో ఈ పని గెలిచిందనడానికి నాటినవి బతకడం కన్నా, నాటనివి రావడమే ముఖ్యం.

మెచ్చుకున్నాను కాబట్టి లోపం కూడా చెప్పాలి. నాటినవాటిలో ఎక్కువ తెల్లమడే. ఓర్పున్నది, గింజ దొరికేది, త్వరగా పెరిగేది. పని ముందుకి సాగాలంటే అది సరైన ఎంపికే. కానీ పాయ అంచున గుగ్గిలం, మెరకన తిల్ల, మధ్యలో అక్కడక్కడా ఉప్పుపొన్న అల్లుకుని ఉన్న పాత అడవి పక్కన ఈ వరుసలు ఒంటి జాతితో తేలిపోతాయి. మిగతా జాతులు తమ ఎత్తులు వెతుక్కుంటూ వచ్చి చేరాలంటే ఇంకా చాలా పోటులు రావాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళు కోరంగిలో చేసిన లెక్కని ఈ చేపముల్లు కాలవల పక్కన కూడా వేసి, ఏ జాతి ఎప్పుడు చేరిందో పదేళ్ళకోసారి రాసిపెడితే ఎంత బాగుండును.

ఇంకొకటి. ఒండ్రు ఊరుకోదు. ప్రతి పోటూ కాస్త బురద తెచ్చి కాలవ నోట్లో వదులుతుంది, రెండు మూడేళ్ళలో బోదెలు పూడుకుపోవడం మొదలవుతుంది. పూడిక తియ్యకపోతే వాలు పోతుంది, వాలు పోతే మొదటికే వస్తుంది. పంట కాలవలకి ప్రతి వేసవిలో పూడిక తీత ఉంటుంది, దానికి పద్దు ఉంటుంది, ఆలస్యమైతే రైతు అడుగుతాడు. మడకాలవ గురించి అడిగేవాడు పీతలు పట్టేవాడు. పెద్ద కాలవ తెరిచి ఉంటే పోటుతో పాటు రొయ్యపిల్లా మండపీతా లోపలికి వస్తాయని అతనికి తెలుసు. ఆ ఒక్క కారణంతోనైనా, అతని మాట పూడిక తీత పద్దులోకి ఎక్కాలి.